ఆఫెన్సివ్ లైన్‌మన్ తయారవడానికి అన్నేళ్లు ఎందుకు పడుతుంది?

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మీరు అడిగినవి మూడు సంగతులు. బంతి అందుకునే రిసీవర్లు, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు డ్రాఫ్ట్ అయిన ఏడాదే, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీల నుంచి ఎంచుకున్న ఏడాదే, ఆడేస్తుంటే, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా నిలబడే ఐదుగురిలో ఒకడైన లైన్‌మన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇతను రెడీ కావడానికి రెండేళ్లు పడుతుంది" అని ఎందుకంటారు? ఆ రెండేళ్లూ వాళ్లకు నేర్పేదేమిటి? మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, కాస్త భారీగా ఉన్నాడని కోచ్ లైన్‌లోకి రమ్మంటున్నాడు, ఇంకా బరువు పెంచాలా? వరసగా చెప్తాను. మూడో ప్రశ్న చివర్లో.

ముందు నా సంగతి. నేను గుంటూరు జిల్లాలో కబడ్డీ ఆడుతూ పెరిగాను. ఇప్పుడు ఉద్యోగం పెన్సిల్వేనియాలో. మా పెద్దవాడు హైస్కూల్లో లైన్‌లో ఆడటం మొదలుపెట్టినప్పుడు ప్రాక్టీసుకు దింపడానికి వెళ్లేవాణ్ణి. అక్కడి లైన్ కోచ్ నన్ను చూసి, ఊరికే నిలబడే బదులు పిల్లలు ఢీకొట్టే బ్యాగ్ పట్టుకోమన్నాడు. మావాడు చదువు అయిపోయి వెళ్లిపోయాడు, నేను మాత్రం ఉండిపోయాను. పదకొండు సీజన్లుగా సహాయక కోచ్‌ని. వేసవిలో ప్రొఫెషనల్ జట్ల లైన్ కోచ్‌లు మాట్లాడే క్లినిక్‌లకు వీలైనప్పుడల్లా వెళ్తాను. కింద రాసేదంతా అక్కడ విన్నది, గ్రౌండ్‌లో పిల్లలతో చేసి చూసింది.

అసలు కారణం ఇది. పరుగెత్తడం, బంతి పట్టడం, పక్కకు తప్పుకోవడం పిల్లలు ఐదారేళ్ల వయసు నుంచే చేస్తుంటారు. రిసీవర్ ఎన్ఎఫ్ఎల్‌లో చేసేది కూడా ఆ పనే, ఇంకాస్త వేగంగా, ఇంకాస్త కచ్చితంగా. లైన్‌మన్ పని అలా కాదు. సగం కూర్చున్న భంగిమలో వెనక్కి నడుస్తూ, ఎదురుగా దూసుకొచ్చే 120 కిలోల మనిషిని చేతులతో ఆపాలి. పట్టుకుంటే ఫౌల్. ఈ కదలిక మనిషి ఇంకెక్కడా, ఇంకే పనిలోనూ చేయడు. ఒంటికి ఇది పుట్టుకతో రాదు, వేల సార్లు చేయించి ఎక్కించాలి.

కళ్లకు కట్టాలంటే ఎడమ టాకిల్, అంటే లైన్‌లో ఎడమ చివర నిలబడేవాడి, మొదటి రెండు అడుగులు చూడండి. దాన్ని కిక్ స్లైడ్ అంటారు. బంతి కదలగానే ఎడమ కాలు వెనక్కి, కొంచెం బయటికి పడుతుంది. కుడి కాలు నేలను రాసుకుంటూ దాని వెంట వస్తుంది. రెండు మడమలూ దగ్గర పడకూడదు, ఒకదాన్నొకటి దాటకూడదు. పాదాల మధ్య దూరం మొదటి అడుగులో ఎంత ఉందో ఐదో అడుగులోనూ అంతే ఉండాలి. బరువు పాదాల లోపలి అంచుల మీద. తుంటి కిందికి, వీపు నిటారుగా, తల వెనక్కి. తల ముందుకు వాలిందంటే బరువంతా కాలి వేళ్ల మీదికి వచ్చేస్తుంది. అప్పుడు డిఫెన్సివ్ ఎండ్ (ఎదుటి జట్టు లైన్ చివర నుంచి దూసుకొచ్చేవాడు) చేతి మీద ఒక్కటి కొట్టి పక్కనుంచి దాటిపోతాడు, టాకిల్ బోర్లా పడతాడు.

మేం పిల్లలకు దీన్ని బోర్డు మీద నేర్పుతాం. అడుగు వెడల్పున్న చెక్క పలకను నేల మీద పొడుగ్గా పరిచి, దానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడమంటాం. అలాగే వెనక్కి జరగాలి. కాళ్లు దగ్గర పడితే పలక తగులుతుంది. మొదటి వారం గ్రౌండ్ అంతా టకటకలే. ఒక కుర్రాడు మూడు వారాలకు శబ్దం లేకుండా వెళ్లగలిగాడు. వాడి ముఖంలో ఆ రోజు కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది. ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టగానే మళ్లీ టకటకలు మొదలయ్యాయి. భయం వేయగానే ఒళ్లు పాత అలవాటుకు పారిపోతుంది. ప్రొఫెషనల్ స్థాయిలో రెండేళ్లు పట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. అడుగు తెలియడానికి వారం చాలు. ఒత్తిడిలో ఆ అడుగే పడాలంటే ఏళ్లు కావాలి.

చేతుల సంగతి ఇంకా సున్నితం. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు ఒక్కటే, తొందర. ఎదుటివాడు చేతికి అందే దూరంలోకి రాకముందే రెండు చేతులూ ముందుకు తోసేస్తారు. మంచి రషర్, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు, ఎదురు చూసేది దాని కోసమే. చేతులు చాచగానే వాటిని కిందికి కొట్టేసి లోపలికి వెళ్లిపోతాడు. అనుభవం ఉన్న టాకిల్ ఓపిక పడతాడు. ఒకసారి ఒక చెయ్యి వేస్తాడు, ఇంకోసారి రెండూ, మరోసారి చెయ్యి వేస్తున్నట్టు చూపించి ఆపేస్తాడు. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, బొటనవేళ్లు పైకి, గురి ఛాతీ మీద. పట్టుకునే అలవాటు పోవాలని మేం పిల్లల అరచేతుల్లో టెన్నిస్ బంతులు పెట్టి డ్రిల్ చేయిస్తాం. బంతి చేతిలో ఉంటే జెర్సీ పట్టుకోలేరు, కాళ్లతోనే ఆపాలి. కబడ్డీలో డిఫెండర్ మొదటి క్షణంలోనే మీదికి ఉరికితే రైడర్ వాడి చేతిలోంచి జారిపోతాడు, గుర్తుందా? కాళ్లతో కోణం సరిచేసుకున్నాకే చెయ్యి వేయాలి. ఆ ఒక్క విషయంలో నా పాత ఆట నాకు ఇక్కడ చాలా పనికొచ్చింది.

బుల్ రష్ అంటే రషర్ పక్కకు పోకుండా నేరుగా మీదికి వచ్చి వెనక్కి నెట్టడం. దానికి మందు యాంకర్. నెట్టుడు తగలగానే రెండు పాదాలూ చిన్నగా వెనక్కి ఎగిరి నేలలో దిగబడాలి, తుంటి ఇంకా కిందికి దిగాలి. బలం ఉంటే చాలనుకుంటారు చాలామంది. బార్‌బెల్ మీద కొండల్ని ఎత్తేవాళ్లు కూడా ఇక్కడ జారిపోవడం నేను చూశాను. తుంటి, చీలమండ వంగని మనిషికి ఎంత బలమున్నా యాంకర్ కుదరదు.

ఇప్పుడు ఎన్ఎఫ్ఎల్ జట్ల అసలు ఇబ్బందికి వస్తాను. ఇదంతా నేర్పడానికి వాళ్లకున్న టైమ్ బాగా తగ్గిపోయింది. 2011లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం తర్వాత రోజుకు రెండుసార్లు ఫుల్ ప్రాక్టీసు పోయింది. సీజన్ మొత్తంలో ప్యాడ్లు వేసుకుని చేసే ప్రాక్టీసులు 14కి పరిమితం. 2020 ఒప్పందంలో ట్రైనింగ్ క్యాంపులో ప్యాడ్ల ప్రాక్టీసులు 16కి మించకూడదన్నారు. వసంతకాలం ప్రాక్టీసుల్లో ప్యాడ్లే ఉండవు, ఢీకొట్టుడు అసలే లేదు. 2021లో సీజన్ 17 మ్యాచ్‌లకు పెరిగినప్పుడు ప్రీ సీజన్, అంటే అసలు సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లు, నాలుగు నుంచి మూడుకు తగ్గింది. కొత్త లైన్‌మన్‌కు నిజం ఆటలో ఊపిరి పీల్చుకునే చోటు ఆ ప్రీ సీజనే. అంతకుముందు యూరప్‌లో ఒక లీగ్ నడిపేవారు, కొత్తవాళ్లు అక్కడికి వెళ్లి ఆడి వచ్చేవాళ్లు. 2007లో దాన్నీ మూసేశారు.

ఆటగాళ్ల ఒళ్లు కాపాడటానికి తెచ్చిన నియమాలివి, వాటిని నేను తప్పు పట్టను. తలకు తగిలే దెబ్బల గురించి ఇప్పుడు తెలిసింది అప్పుడు తెలియదు. అయితే క్వార్టర్‌బ్యాక్, రిసీవర్ ప్యాడ్లు లేకుండా కూడా తమ పని చేసుకోగలరు. లైన్‌మన్ చేసుకోలేడు. ఎదుటి మనిషి బరువు మీద పడకుండా యాంకర్ ఎలా నేర్చుకుంటాడు? ఈతను ఒడ్డు మీద నేర్పినట్టే ఉంటుంది.

కాలేజీ ఆట మారడం రెండో కారణం. చాలా కాలేజీ జట్లు ఇప్పుడు ఆటగాళ్లను మైదానం వెడల్పునా పరిచే స్ప్రెడ్ పద్ధతి ఆడుతున్నాయి. లైన్‌మన్ నిలబడే మొదలుపెడతాడు, నేల మీద చెయ్యి పెట్టడు. బంతి వెంటనే చేతులు మారిపోతుంది కాబట్టి రషర్‌ను ఒక్క క్షణం ఆపితే చాలు. ప్రొఫెషనల్‌కు వచ్చాక మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) పది గజాలు కావాల్సినప్పుడు దాదాపు మూడు సెకన్లు ఆపాలి. ఆ చివరి సెకను అతను జీవితంలో ఎన్నడూ చేయని పని.

డబ్బు లెక్క కూడా చూడండి. డ్రాఫ్ట్ అయినవాడి మొదటి కాంట్రాక్టు నాలుగేళ్లు, మొదటి రౌండ్ వాళ్లకు మాత్రం ఐదో ఏడాది జట్టు చేతిలో ఉంటుంది. రెండేళ్లు నేర్పితే మిగిలేది రెండేళ్లే. ఈలోగా మ్యాచ్‌లు ఓడితే కోచ్ ఉద్యోగం పోతుంది, కొత్త కోచ్ వచ్చి అడుగులు వేరేలా వేయమంటాడు. నేర్చుకున్నది మరిచిపోయి మళ్లీ మొదటికి. నా లెక్కలో లైన్‌మెన్ ఎక్కువమంది చెడిపోయేది ఇలాగే. ప్రతిభ లేక చెడిపోయేవాళ్లు తక్కువ.

దీనికి అడ్డంగా నిలిచిన ఉదాహరణ ఫిలడెల్ఫియాలోనే ఉంది, మీరు చూసే జట్టే. జెఫ్ స్టౌట్‌లాండ్ 2013లో అలబామా నుంచి ఈగల్స్ లైన్ కోచ్‌గా వచ్చారు. ఆ తర్వాత చిప్ కెల్లీ వెళ్లారు, డగ్ పీడర్సన్ వచ్చి వెళ్లారు, నిక్ సిరియానీ వచ్చారు. హెడ్ కోచ్‌లు మారారు కానీ 2025 సీజన్ దాకా లైన్ గదిలో మనిషి మారలేదు, మాట మారలేదు. అదే 2013 డ్రాఫ్ట్‌లో మొదటి నాలుగు పిక్‌లలో (ఎంపికల్లో) ముగ్గురు టాకిల్స్ వెళ్లారు. మొదటి పిక్ ఎరిక్ ఫిషర్, రెండో పిక్ ల్యూక్ జోకెల్, నాలుగో పిక్ లేన్ జాన్సన్. జాన్సన్ జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్. ఓక్లహామాకు వెళ్లాక టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి బంతి కూడా అందుకునేవాడు), డిఫెన్సివ్ ఎండ్, ఆఖర్న టాకిల్. ముగ్గురిలో లైన్ అనుభవం తక్కువ అతనికే. ఫిషర్‌కు మొదట్లో కష్టమైంది, తర్వాత కుదురుకున్నాడు. జోకెల్‌ను గాయాలు వెంటాడాయి, కొన్నేళ్లకే ఆట నుంచి తప్పుకున్నాడు. జాన్సన్ మాత్రం పదేళ్లు దాటినా కుడి టాకిల్‌గా లీగ్‌లో అగ్రశ్రేణిలోనే ఉన్నాడు. ఏళ్ల తరబడి అదే కోచ్, అదే గది ఉండటం అతనికి ఎంత కలిసొచ్చిందో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

జోర్డన్ మైలాటా కథ తెలిస్తే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. సిడ్నీ కుర్రాడు, సమోవన్ కుటుంబం, రగ్బీ లీగ్ ఆటగాడు. ఆరు అడుగుల ఎనిమిది అంగుళాలు, అప్పటికి సుమారు 157 కిలోలు. రగ్బీకి మరీ పెద్దవాడైపోయాడు. ఎన్ఎఫ్ఎల్ విదేశీ ఆటగాళ్ల కోసం పెట్టిన కార్యక్రమంలో ఫ్లోరిడాలో కొన్ని వారాలు శిక్షణ తీసుకున్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడని మనిషిని 2018లో ఈగల్స్ ఏడో రౌండ్‌లో, 233వ పిక్‌గా తీసుకుంది. స్టాన్స్‌లో, అంటే బంతి కదలక ముందు ఉండే భంగిమలో, కూర్చోవడం దగ్గర్నుంచి నేర్పాల్సి వచ్చింది. 2018లో, 2019లో సీజన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు, పైగా నడుము నొప్పి. చాలా జట్లు అక్కడే వదిలేసేవి. మరోవైపు 2019లో అదే స్థానానికి ఆండ్రే డిలార్డ్‌ను మొదటి రౌండ్‌లో తెచ్చుకున్నారు. 2020లో డిలార్డ్‌కు, తర్వాత జేసన్ పీటర్స్‌కు గాయాలయ్యాయి. అప్పుడు మైలాటా మొదటిసారి స్టార్ట్ చేశాడు. 2021లో డిలార్డ్‌తో పోటీపడి ఎడమ టాకిల్ స్థానం గెలుచుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే నాలుగేళ్లకు 64 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు. 2025 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను 40-22తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఎత్తిన జట్టులో ఎడమ టాకిల్ అతనే.

ఇందులో నేను పట్టుకున్నది ఆ ఖాళీ రెండేళ్లు. స్కోర్‌కార్డులో ఆ రెండేళ్లకు సున్నా. కానీ తయారైంది అప్పుడే. మైలాటాకు ఇంకో లాభం కూడా ఉంది. చెరిపేయాల్సిన పాత అలవాటు ఒక్కటీ లేదు. కాలేజీలో నాలుగేళ్లు తప్పు అడుగు వేసినవాడికి ముందు దాన్ని మరిపించాలి, అప్పుడు కొత్తది నేర్పాలి.

మైలాటా ఒక్కడి విషయమే అయితే అదృష్టం అనుకోవచ్చు. పైన చెప్పిన జేసన్ పీటర్స్ 2004లో ఎవరూ డ్రాఫ్ట్ చేయని టైట్ ఎండ్. బఫెలో జట్టు అతన్ని లైన్‌లోకి మార్చింది, ఎడమ టాకిల్‌గా తొమ్మిది ప్రో బౌల్స్‌కు (లీగ్‌లో మేటి ఆటగాళ్లను ఎంచే ఏటి వేడుక) ఎంపికయ్యాడు. జేసన్ కెల్సీ 2011లో ఆరో రౌండ్, 191వ పిక్, సెంటర్‌కు, అంటే లైన్ నడిమధ్య చోటుకు, చిన్నవాడన్నారు. 13 సీజన్లు ఆడాడు. బరువు లేనివాడు వేగంతో, కోణంతో ఎలా నెగ్గుకురావచ్చో చూడాలంటే అతని పాత వీడియోలు చూడండి. అతను రిటైరయ్యే ముందే వారసుణ్ణి తయారు చేసుకున్నారు. క్యామ్ జర్గెన్స్‌ను 2022లో రెండో రౌండ్‌లో తీసుకుని ఒక ఏడాది వెనక కూర్చోబెట్టారు, రెండో ఏడాది కెల్సీ పక్కనే కుడి గార్డ్‌గా (సెంటర్‌కూ టాకిల్‌కూ మధ్య చోటు) ఆడించారు, మూడో ఏడాది సెంటర్ అప్పగించారు.

మెకై బెక్టన్ సంగతి దీనికి తిరగేసిన బొమ్మ. 2020లో న్యూయార్క్ జెట్స్ 11వ పిక్‌గా తీసుకున్న టాకిల్, గాయాలతో వెనకబడ్డాడు. 2024లో ఈగల్స్ అతన్ని కుడి గార్డ్‌గా మార్చింది, పక్కన లేన్ జాన్సన్. ఆ ఏడాదే సూపర్ బౌల్ గెలిచాడు. బయట ఎక్కువ చోటు కాపాడాల్సిన మనిషికి లోపల తక్కువ చోటు ఇస్తే అతని సైజు ఎంత పనికొచ్చిందో చూడండి. సరైన చోటు వెతికిపెట్టడం కూడా నేర్పడంలో భాగమే.

ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారడం మాత్రం బయటికి కనిపించినంత తేలిక కాదు. ఎడమ టాకిల్‌ను కుడికి పంపితే వెనక కాలు ముందు కాలవుతుంది, ముందు పడే చెయ్యి మారుతుంది. జీవితమంతా కుడి చేత్తో అన్నం కలుపుకున్న మనిషిని ఎడమ చేత్తో కలపమన్నట్టే. పెనే సూవెల్ 2021లో డెట్రాయిట్‌కు వచ్చి కుడి వైపుకు మారినప్పుడు ప్రీ సీజన్‌లో తడబడ్డాడు. ఆ తర్వాత లీగ్‌లోనే మేటి కుడి టాకిల్ అయ్యాడు.

ఇక తలతో చేసే పని. డిఫెన్సులో ఇద్దరు దారులు మార్చుకుంటారు, దాన్ని స్టంట్ అంటారు. బయటివాడు లోపలికి దూసుకొస్తాడు, లోపలివాడు వాడి వెనక నుంచి బయటికి తిరుగుతాడు. అప్పుడు టాకిల్ తన మనిషిని గార్డ్‌కు అప్పగించి కొత్తవాణ్ణి అందుకోవాలి. ఇద్దరూ ఒకే లోతులో ఉంటేనే ఆ అప్పగింత కుదురుతుంది. ఒకడు అర గజం వెనక ఉన్నా ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడతారు, రషర్ మధ్యలోంచి వెళ్లి క్వార్టర్‌బ్యాక్ మీద పడతాడు. ఇది మాటలతో జరగదు, అంత టైమ్ ఉండదు. పక్కవాడి భుజం కదలికను బట్టి తెలిసిపోవాలి. అందుకే ఐదుగురూ కలిసి ఎన్నాళ్లు ఆడారన్నది అంత ముఖ్యం. నలుగురు గట్టివాళ్లుండి ఒక్కడు బలహీనుడైనా ఎదుటి జట్టు రాత్రంతా వాడి మీదే పడుతుంది. 2020 ఒప్పందంలో ఒక చక్కటి నియమం ఉంది. మ్యాచ్ రోజున కనీసం ఎనిమిది మంది ఆఫెన్సివ్ లైన్‌మెన్‌ను సిద్ధంగా ఉంచితేనే జట్టుకు 48 మందిని దించే వీలు. లేకపోతే 47. కొత్తవాడికి గ్రౌండ్ పక్కన నిలబడి చూసే అవకాశం ఆ నియమం వల్ల కాస్త పెరిగింది.

నా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి పదహారేళ్ల కుర్రాడు వచ్చాడు, 140 కిలోలు. మాకు ఆ ఏడాది మనుషులు తక్కువ. ఆరు వారాలకే మ్యాచ్‌లో టాకిల్‌గా దించాం. ఒకే రాత్రి నాలుగు సార్లు అతని పక్కనుంచి వచ్చి మా క్వార్టర్‌బ్యాక్‌ను పడేశారు. బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాతి వారం స్టాన్స్‌లో కూర్చుంటేనే అతని చేతులు వణకడం చూశాను. అంత టెన్షన్ పడిపోయాడు. సీజన్ మధ్యలోనే మానేశాడు. మంచి కాళ్లున్న పిల్లవాడు, ఒక ఏడాది ఆగి ఉంటే బాగా ఆడేవాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ప్రొఫెషనల్ జట్లు మొదటి రౌండ్ టాకిల్‌ను మొదటి ఆదివారమే దించినప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు.

ఇక మీ అబ్బాయి. బరువు కోసం ఇప్పుడు ఏమీ పెట్టకండి. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇంకా ఎదుగుతాడు, బరువు దానంతటదే వస్తుంది. కావాల్సింది కాళ్లు. ఫుట్‌బాల్ అయిపోయాక చలికాలంలో రెజ్లింగ్‌లో చేర్పించండి. ఎవరైనా "రెజ్లింగ్‌కీ దీనికీ సంబంధమేంటి" అంటే స్టీఫెన్ నీల్ పేరు చెప్పండి. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. రెండుసార్లు కాలేజీ రెజ్లింగ్ జాతీయ ఛాంపియన్, 1999లో ప్రపంచ ఛాంపియన్. పేట్రియట్స్ లైన్ కోచ్ డాంటే స్కార్నెకియా చేతిలో పడి గార్డ్ అయ్యాడు. కొన్నేళ్లు పట్టింది, కానీ మూడు సూపర్ బౌల్ జట్లలో ఉన్నాడు. తుంటి కిందికి దింపడం, ఎదుటివాడి బరువును చేతులతో పసిగట్టడం, నేల మీద పాదం వదలకుండా తిరగడం, ఇవన్నీ రెజ్లింగ్ చాప మీద వచ్చేస్తాయి.

ఇంట్లో రోజూ పది నిమిషాలు తాడాట, ఐదు నిమిషాలు గోడకు ఎదురుగా నిలబడి కిక్ స్లైడ్. ఫోన్‌లో వీడియో తీసి అతనికే చూపించండి. మీరు సరిదిద్దకండి, మడమలు దగ్గర పడుతున్నాయో లేదో అతన్నే చూసుకోమనండి. కోచ్‌ను ఒక్క మాట అడగండి, ఈ ఏడాది వర్సిటీలో (స్కూల్ ప్రధాన జట్టులో) దించుతారా, జూనియర్ జట్టులో ఆడిస్తారా అని. జూనియర్ జట్టు అంటే సంతోషంగా ఒప్పుకోండి. అక్కడ ప్రతి మ్యాచ్‌లోనూ యాభై అరవై స్నాప్‌లు, అంటే బంతి కదిలిన ప్రతిసారీ జరిగే ఆటలు, ఆడొచ్చు.

ఈ ఆదివారం ఇద్దరూ కలిసి ఈగల్స్ మ్యాచ్ చూస్తున్నప్పుడు మూడో డౌన్‌లో బంతిని వదిలేసి 68 నంబర్‌ను చూడండి. అతనే మైలాటా. ముందు ఎడమ కాలు, తర్వాత చేతులు ఎప్పుడు లేస్తున్నాయో చూడండి. తర్వాత కుడి చివర 65 నంబర్, లేన్ జాన్సన్. రెండు మూడు డ్రైవ్‌లు (బంతి ఈగల్స్ చేతిలో ఉండే విడతలు) అలా చూశాక మీ అబ్బాయికి అనిపించింది ఇక్కడే రాయండి, అతను ఏ వైపు ఆడితే బాగుంటుందో అప్పుడు మాట్లాడుకుందాం.